ర్యామ్ వేగం, ప్రాసెసర్ ప్రాణం

2023 ఏప్రిల్ నెలాఖర్లో కొన్ని ఫొటోలు ఇంటర్నెట్‌లో తెగ తిరిగాయి. ప్రాసెసర్‌ని బోర్లా తిప్పి, అడుగు భాగం కనపడేలా తీసిన ఫొటోలు. బంగారు రంగు చుక్కలు వరసలు వరసలుగా ఉండాల్సిన చోట, ఒక పక్కన అట్టు మాడినట్టు నల్లటి మచ్చ. ఆ చోట కాస్త ఉబ్బింది కూడా. మదర్‌బోర్డ్ మీద ఆ ప్రాసెసర్ కూర్చునే సాకెట్లోనూ సరిగ్గా అక్కడే అదే మచ్చ. ప్రాసెసర్ పేరు ఏఎమ్‌డీ రైజెన్ 7 7800ఎక్స్3డీ. మార్కెట్లోకి వచ్చి అప్పటికి నెల కూడా నిండలేదు.

ప్రాసెసర్లు మాడటం కొత్తేమీ కాదు. వేగం పిచ్చి ఉన్నవాళ్ళు ద్రవ నైట్రోజన్ పోసి మరీ వాటిని కాల్చుకుంటారు. కానీ ఇవి ఇంట్లో బల్ల కింద పెట్టుకున్న మామూలు గేమింగ్ పీసీలు. ప్రాసెసర్ వేగాన్ని ఎవరూ చేత్తో పెంచలేదు. పెంచుదామన్నా ఈ మోడల్లో ఆ మల్టిప్లయర్‌కి కంపెనీయే తాళం వేసింది. వాళ్ళలో చాలామంది మార్చింది ఒకటే: బయోస్‌లోకి వెళ్ళి ఎక్స్‌పో అనే ఒక సెట్టింగ్ ఆన్ చేశారు. అది ర్యామ్ వేగానికి సంబంధించిన సెట్టింగ్. మాడింది మాత్రం ప్రాసెసర్.

ర్యామ్ సెట్టింగ్ మారిస్తే ప్రాసెసర్ ఎందుకు మాడుతుంది? ఇంజనీర్ని అడిగితే రెండు వాక్యాల్లో చెప్పేస్తాడు. నా ఆసక్తి ఆ రెండు వాక్యాల వెనక ఉన్న పాతికేళ్ళ చరిత్ర మీద. ర్యామ్, ప్రాసెసర్ అని ఇప్పటికీ రెండు పేర్లతో పిలుస్తున్నాం. రెండు వేరు వేరు డబ్బాల్లో కొంటున్నాం. రెండు బిల్లులు విడివిడిగా దాచుకుంటున్నాం. వాటి మధ్య ఉండే గోడ మాత్రం ఎప్పుడో కూలిపోయింది. ఆ సంగతి కొన్నవాడికి ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

ముందు కొంచెం ప్రాథమికం. కంప్యూటర్లో లెక్క చేసేది ప్రాసెసర్. ఆ లెక్కకి కావల్సిన సరుకు తాత్కాలికంగా ఉండే చోటు ర్యామ్. రెండూ ఒక గడియారం కొట్టే తాళానికి నడుస్తాయి. సెకనుకి ఎన్ని దెబ్బలు అన్నదే మనం మెగాహెర్ట్జ్‌లలో చెప్పుకునే వేగం. తయారుచేసినవాడు ఇంత వేగానికి నాదీ పూచీ అని ఒక అంకె చెబుతాడు. దాన్ని దాటించి నడపడమే ఓవర్‌క్లాకింగ్. వేగం పెంచితే ఒక్కో దెబ్బకి దొరికే సమయం తగ్గుతుంది. ఆ తక్కువ సమయంలో 0 నుంచి 1కి, 1 నుంచి 0కి తేడా లేకుండా మారాలంటే కొంచెం ఎక్కువ వోల్టేజ్ కావాలి. వోల్టేజ్ పెంచితే వేడి దాని వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. అంటే వోల్టేజ్ పది శాతం పెరిగితే వేడి ఇరవై ఒక్క శాతం. ఇంత తెలిస్తే మిగతా కథ అర్థమవుతుంది.

1998లో మొదలుపెడతాను. ఆ ఏడాది ఆగస్టులో ఇంటెల్ సెలెరాన్ 300ఏ అనే చవక ప్రాసెసర్ని విడుదల చేసింది. 300 మెగాహెర్ట్జ్ దాని వేగం. ఆ 300 ఎలా వచ్చిందో చూడండి: మదర్‌బోర్డ్ మీద 66 మెగాహెర్ట్జ్ గడియారం ఒకటి, దాన్ని ప్రాసెసర్ లోపల నాలుగున్నరతో హెచ్చిస్తారు. ఆ నాలుగున్నరని ఇంటెల్ మార్చనివ్వలేదు, తాళం వేసింది. కానీ బయటి గడియారానికి తాళం ఎవరు వేస్తారు? 66ని 100 చేస్తే ప్రాసెసర్ 450కి వెళ్ళేది. ఖరీదైన పెంటియమ్ 2 అప్పుడు పైస్థాయిలో ఇచ్చేది కూడా అదే 450. చవక చిప్పు ఆ వేగానికి సునాయాసంగా వెళ్ళిపోవడం ఇంటెల్‌కి ఎంత ఇబ్బందో, కాలేజీ కుర్రాళ్ళకి అంత పండగ. ఏబిట్ బీహెచ్6 అనే మదర్‌బోర్డ్ పేరు అప్పట్లో సినిమా హీరో పేరులా వినపడేది, ఎందుకంటే అందులో జంపర్లు పీకి పెట్టే పని లేకుండా బయోస్ మెనూలోనే ఇదంతా మార్చుకోవచ్చు.

ఇక్కడే ర్యామ్ వస్తుంది. ఆ 66 మెగాహెర్ట్జ్ గడియారం ఒక్క ప్రాసెసర్‌ది కాదు. ఆనాటి 440బీఎక్స్ చిప్‌సెట్‌లో ర్యామ్ కూడా అదే గడియారానికి నడిచేది. ప్రాసెసర్ కోసం 100 చేస్తే ర్యామ్ కూడా 100కి పరిగెత్తాలి. పీసీ100 అని ముద్ర ఉన్న ర్యామ్ ఉంటే సరే. పాత పీసీ66 ర్యామ్ ఉంటే చాలాసార్లు అక్కడే చతికిలబడేది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే అందరూ సీటీసీ అనేది, మెట్లెక్కి పీసీ అసెంబుల్ చేయించుకున్న తరాల వాళ్ళకి ఈ ముద్రల గొడవ బాగా తెలుసు. కొట్టువాడితో బేరం ప్రాసెసర్ దగ్గర జరిగేది, మోసం మాత్రం ర్యామ్ దగ్గర జరిగేది.

గమనించాల్సింది ఏమిటంటే, ఆ రోజుల్లో ర్యామ్ ప్రాసెసర్ని వెనక్కి లాగేదే తప్ప చంపేది కాదు. గడియారం ఉమ్మడి, అంతే. కరెంటు వేరు. ర్యామ్ 3.3 వోల్టుల మీద నడిచేది, సెలెరాన్ 300ఏ లోపలి భాగం 2 వోల్టుల మీద. ఆ రెండిటి మధ్య నార్త్‌బ్రిడ్జ్ అనే మూడో చిప్పు ఉండేది. ర్యామ్‌తో మాట్లాడే పని దానిదే. ప్రాసెసర్‌కి ఏదైనా కావాలంటే నార్త్‌బ్రిడ్జ్‌ని అడగాలి, అది వెళ్ళి ర్యామ్ నుంచి తెచ్చిస్తుంది. పెళ్ళి సంబంధాల్లో మధ్యవర్తి లాంటిది. మాట ఆలస్యంగా చేరుతుంది, కానీ అటువైపు కోపం ఇటువైపు నేరుగా తగలదు. ర్యామ్ వోల్టేజ్ పెంచి ఏదైనా కాల్చుకున్నా కాలేది ర్యామో, నార్త్‌బ్రిడ్జో. ప్రాసెసర్ గదిలో తలుపేసుకుని ఉండేది.

ఆ మధ్యవర్తిని ఎందుకు తీసేశారన్నదే ఈ చరిత్రలో అసలు మలుపు. దానికి కారణం నెమ్మది. 1995లో విలియమ్ వుల్ఫ్, శాలీ మెక్కీ అనే ఇద్దరు చిన్న వ్యాసం ఒకటి రాశారు. ప్రాసెసర్ల వేగం పెరిగే తీరు, ర్యామ్ వేగం పెరిగే తీరు ఇలాగే కొనసాగితే, కొన్నాళ్ళకి ప్రాసెసర్ ఎంత వేగమైనదైనా ర్యామ్ కోసం ఎదురుచూస్తూ కూర్చోవడమే పనవుతుందని వాళ్ళ వాదన. దానికి వాళ్ళు 'మెమరీ గోడ' అని పేరు పెట్టారు. చాలా పేజీల గణితమేమీ లేదు, కూడికలూ తీసివేతలూ. అందుకే నాకా వ్యాసమంటే ఇష్టం.

వాళ్ళ మాట ఎంత నిజమైందో మనమే లెక్కేసుకోవచ్చు. 1998 నాటి మంచి పీసీ100 ర్యామ్‌లో క్యాస్ లేటెన్సీ 2. అంటే అడిగిన సంగతి ఇవ్వడానికి గడియారం రెండు దెబ్బలు పడుతుంది, దెబ్బకి 10 నానోసెకండ్లు, మొత్తం 20. పాతికేళ్ళ తర్వాత 2023 నాటి మంచి డీడీఆర్5 6000 ర్యామ్‌లో అది 30. గడియారం 3000 మెగాహెర్ట్జ్ కాబట్టి మొత్తం 10 నానోసెకండ్లు. సెకనుకి పంపగలిగే సరుకు అరవై రెట్లు పెరిగింది, మొదటి ముక్క చేతికి రావడానికి పట్టే సమయం మాత్రం సగమే తగ్గింది. ఈలోపు ప్రాసెసర్ 300 మెగాహెర్ట్జ్ నుంచి 5000కి వెళ్ళింది. సెలెరాన్‌కి ఆ 20 నానోసెకండ్లలో ఆరు దెబ్బలు వృథా. ఇప్పటి ప్రాసెసర్‌కి ఆ 10లోనే యాభై. ఇది క్యాస్ ఒక్కటే. అడిగిన మాట ర్యామ్ దాకా వెళ్ళి తిరిగి రావడానికి మొత్తంగా పట్టేది దీనికి ఎన్నో రెట్లు.

ర్యామ్‌ని ఒక స్థాయికి మించి తొందరపెట్టలేం. అందులో ఒక్కో బిట్టూ ఒక బుల్లి కెపాసిటర్లో దాచిన విద్యుదావేశం. ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్ అనే ఆ అమరికకి ఐబీఎమ్‌లో పనిచేసిన రాబర్ట్ డెనార్డ్ 1968లో పేటెంట్ పొందాడు. ఈ రోజు మన ఫోన్లో, లాప్‌టాప్‌లో ఉన్నదీ మౌలికంగా అదే. కాబట్టి ర్యామ్‌ని మార్చలేనివాళ్ళు దారిని కురచ చేశారు. 2003 ఏప్రిల్‌లో ఆప్టెరాన్, సెప్టెంబర్లో అథ్లాన్ 64 విడుదలయ్యాయి. వాటిలో ఏఎమ్‌డీ ర్యామ్‌తో మాట్లాడే మెమరీ కంట్రోలర్‌ని నార్త్‌బ్రిడ్జ్‌లోంచి పీకి, ప్రాసెసర్ లోపలికి తెచ్చి పెట్టింది. మధ్యవర్తి పోయాడు. ర్యామ్ తీగలు నేరుగా ప్రాసెసర్ పిన్నులకే వచ్చి తగిలాయి. వేగం గణనీయంగా పెరిగింది. అప్పటిదాకా ఇంటెల్ నీడలో ఉన్న కంపెనీకి అది పెద్ద విజయం.

ఇంటెల్ అయిదేళ్ళు ఆగి, 2008 నవంబర్లో మొదటి కోర్ ఐ7తో అదే పని చేసింది. ఆ విడుదలతో పాటే ఒక హెచ్చరిక కూడా వచ్చింది: ర్యామ్ వోల్టేజ్ 1.65 దాటించకండి, దాటిస్తే ప్రాసెసర్ శాశ్వతంగా పాడవచ్చు. చదివినవాళ్ళు కంగు తిన్నారు. ఎందుకంటే అప్పటికి ఔత్సాహికుల కోసం అమ్ముతున్న డీడీఆర్3 ర్యామ్‌లలో చాలావాటికి డబ్బా మీదే 1.8, 1.9, 2 వోల్టులని రాసి ఉండేది. ప్రమాణం ప్రకారం డీడీఆర్3కి 1.5 చాలు. కానీ ర్యామ్ కంపెనీలకి పోటీ. ఎవరి స్టిక్ ఎక్కువ మెగాహెర్ట్జ్ చూపిస్తే వాళ్ళదే అమ్ముడుపోతుంది, కాబట్టి వోల్టులు ఎక్కించి అమ్మేవాళ్ళు. నిన్నటి వరకూ ఆ వోల్టులు నార్త్‌బ్రిడ్జ్ భరించింది. ఇప్పుడు అవే వోల్టులు ప్రాసెసర్ లోపలి సన్నటి ట్రాన్సిస్టర్ల ముందుకొచ్చి నిలబడ్డాయి.

ఇక్కడ డెనార్డ్ మళ్ళీ గుర్తొస్తాడు. ర్యామ్ బిట్టుకి రూపమిచ్చిన ఈయనే 1974లో సహచరులతో కలిసి ఇంకో సూత్రం కూడా ఇచ్చాడు. ట్రాన్సిస్టర్ని చిన్నది చేసుకుంటూ పోతే, దానికిచ్చే వోల్టేజ్‌ని కూడా అదే నిష్పత్తిలో తగ్గించుకుంటూ పోవాలి, అప్పుడే వేడి అదుపులో ఉంటుంది అని. ప్రాసెసర్లు చాలాకాలం ఆ దారిన నడిచాయి. ర్యామ్ కూడా నడిచింది, కాకపోతే నెమ్మదిగా: 3.3, 2.5, 1.8, 1.5, 1.2, ఇప్పుడు డీడీఆర్5లో 1.1. రెండూ తగ్గాయి, కానీ కలిసి తగ్గలేదు. రెండు వేరు వేరు ఫ్యాక్టరీ పద్ధతుల్లో, వేరు వేరు లెక్కలతో పెరిగిన ఇద్దరిని తెచ్చి ఒకే గోడకి అటూ ఇటూ కాపురం పెట్టించారు. 2015లో ఇంటెల్ స్కైలేక్ వచ్చినప్పుడు ఇదే గొడవ మళ్ళీ. పాత 1.5, 1.65 వోల్టుల డీడీఆర్3 స్టిక్కులు అందులో పెట్టొద్దని, 1.35 వోల్టులవే వాడమని చెప్పారు. ఏడేళ్ళ కిందట సరిహద్దు 1.65, ఇప్పుడదే ప్రమాదం.

ఇదంతా ఔత్సాహికుల గొడవ, మామూలు మనుషులకెందుకు అనుకోవచ్చు. నిజంగా అలాగే ఉండిపోయేది, ఆ ఒక్క మీట రాకపోతే.

ప్రతి ర్యామ్ స్టిక్ మీదా ఎస్పీడీ అని ఒక బుల్లి చిప్పు ఉంటుంది. కంప్యూటర్ ఆన్ చేయగానే బయోస్ దాన్ని చదువుతుంది. నేనెవరు, ఎంత వేగానికి పనికొస్తాను, ఎన్ని వోల్టులు కావాలి అన్న వివరాలు అందులో ఉంటాయి, ఉద్యోగి జేబులో గుర్తింపు కార్డులాగా. అందులో ప్రమాణాల సంస్థ జెడెక్ ఒప్పుకున్న వేగాలు మాత్రమే ఉండేవి. 2006లో ఎన్విడియా, కోర్సెయిర్ కలిసి ఆ చిప్పులో మిగిలిన ఖాళీ చోటులో ఓవర్‌క్లాక్ వివరాలు కూడా రాసిపెట్టే పద్ధతి తెచ్చాయి. 2007లో ఇంటెల్ అదే పనికి ఎక్స్‌ఎమ్‌పీ అనే పద్ధతి తెచ్చింది. అదే నిలబడింది. దీనితో ఒక మొత్తం విద్య అవసరం లేకుండా పోయింది. అంతకుముందు ర్యామ్ ఓవర్‌క్లాక్ చేయాలంటే పది పదిహేను అంకెలు ఒక్కొక్కటే మార్చి, రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపి, పొద్దున్నే తెర మీద ఎర్ర గీత ఉందో లేదో చూసుకోవాలి. అలా చేసేవాడికి తాను నిప్పుతో ఆడుతున్నానని తెలుసు. ఎక్స్‌ఎమ్‌పీ వచ్చాక అదంతా ఒక మెనూలో 'డిజేబుల్డ్' అన్న మాటని 'ప్రొఫైల్ 1' అని మార్చడం అయింది.

నాకు ఈ మార్పు మీద ఫిర్యాదు లేదు. సులువు చేయడం మంచిదే. కానీ దానితో ఒక మాట అర్థం మారిపోయింది. డీడీఆర్5 6000 అని డబ్బా మీద పెద్దక్షరాలతో రాసిన ర్యామ్ తెచ్చి పెడితే అది 4800 దగ్గరే మొదలవుతుంది, ఎందుకంటే జెడెక్ ప్రకారం అదే దాని మామూలు వేగం. 6000 కావాలంటే మీట నొక్కాలి. కొన్నవాడికి ఇది ఎలా అర్థమవుతుంది? 'నేను 6000కి డబ్బు కట్టాను, 4800 ఇస్తున్నారు, కాబట్టి మీట నొక్కి నా సొమ్ము నేను తీసుకుంటున్నాను' అని. యూట్యూబ్‌లో పీసీ అసెంబుల్ చేయడం నేర్పే ప్రతివాడూ, తెలుగు ఛానెళ్ళతో సహా, 'బయోస్‌లోకి వెళ్ళి ఎక్స్‌ఎమ్‌పీ ఆన్ చేయడం మర్చిపోవద్దు' అంటాడు. మర్చిపోయినవాడిది తెలివితక్కువతనం కింద లెక్క. ఓవర్‌క్లాకింగ్ అనే సాహసం, సెటప్ పూర్తి చేయడం అనే ఇంటిపనిగా మారింది.

ఇంకోవైపు ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ బంధం మరింత బిగుసుకుంది. 2017 మార్చిలో వచ్చిన మొదటి రైజెన్‌లలో ప్రాసెసర్ లోపలి భాగాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి ఉంది. దాని పేరు ఇన్‌ఫినిటీ ఫ్యాబ్రిక్. దాని గడియారం ర్యామ్ గడియారానికి కట్టేసి ఉండేది. ర్యామ్ వేగం పెంచితే ప్రాసెసర్ లోపలి సంభాషణ కూడా వేగం అందుకునేది. 1998 నాటి ఉమ్మడి గడియారం బంధం దొడ్డిదారిన మళ్ళీ వచ్చిందన్నమాట. తర్వాతి తరాల్లో ఆ ముడి కొంత వదులు చేశారు. కానీ 'రైజెన్‌కి ఫాస్ట్ ర్యామ్ పెట్టాలి' అన్న మాట అప్పటికే నానుడి అయిపోయింది.

ఈ బంధం వల్ల రోగనిర్ణయం కూడా తారుమారవుతుంది. మా పిన్ని కొడుకు ఒకడు అసెంబుల్డ్ పీసీలో వీడియో ఎడిటింగ్ చేస్తాడు. ఆర్నెల్ల పాటు వాడి మెషీన్ గంటకోసారి ఉన్నట్టుండి రీస్టార్ట్ అయ్యేది. విండోస్ ఈవెంట్ లాగ్‌లో ప్రాసెసర్ కోర్‌లో బస్ ఎర్రర్ అని ఉంటే, కొన్న కొట్టులో చూసి 'ప్రాసెసర్ పోయిందన్నా, కొత్తది వేద్దాం' అన్నారు. వాడు నాకు ఫోన్ చేశాడు. ఎక్స్‌ఎమ్‌పీ ఆపేసి రెండ్రోజులు చూడరా అన్నాను. అప్పట్నించీ ఒక్కసారి కూడా ఆగలేదు. ప్రాసెసర్ బాగానే ఉంది, ర్యామూ బాగానే ఉంది. ఆ ప్రాసెసర్ లోపలి కంట్రోలర్ ఆ ర్యామ్ వేగాన్ని మోయలేకపోయింది. ఒకే మోడల్‌లో కూడా ఒక్కో చిప్పులో కంట్రోలర్ సత్తా ఒక్కోలా ఉంటుంది, ఒకే చెట్టు మామిడికాయల్లాగే. డబ్బా మీద ఉన్న అంకె ర్యామ్ గురించి చెబుతుంది. మీరు కొన్న ప్రాసెసర్ గురించి దానికేం తెలుసు? రీస్టార్ట్ అయినందుకు వీడు అదృష్టవంతుడు. అంచు మీద నడిచే ర్యామ్ కొన్నిసార్లు ఆగదు, మౌనంగా ఒక బిట్టు మార్చేసి ముందుకెళ్ళిపోతుంది. ఎప్పుడో రెండు నెలల తర్వాత ఒక ఫైలు తెరుచుకోదు.

ఇక 2023కి వద్దాం. 2022 సెప్టెంబర్లో రైజెన్ 7000 వచ్చింది. దానితో పాటే ఎక్స్‌ఎమ్‌పీకి పోటీగా ఏఎమ్‌డీ సొంత పద్ధతి ఎక్స్‌పో. డీడీఆర్5 6000 వాడితే అన్నిటికన్నా బాగుంటుందని కంపెనీయే ప్రచారం చేసింది. ఆ ప్రాసెసర్‌కి అధికారికంగా పూచీ ఇచ్చింది మాత్రం 5200 వరకే. ఈ రెండు అంకెల మధ్య ఉన్న 800లోనే కథంతా ఉంది.

మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి కరెంటు ఇచ్చే లైనుని ఎస్‌ఓసీ వోల్టేజ్ అంటారు. మామూలుగా అది ఒక వోల్టుకి కాస్త అటూ ఇటూ. ర్యామ్ 6000కి పరిగెత్తాలంటే కంట్రోలర్ కూడా పరిగెత్తాలి, దానికీ కొంచెం ఎక్కువ కావాలి. ఎంత ఎక్కువ? ఎక్స్‌పో ఆన్ చేయగానే ఎస్‌ఓసీ వోల్టేజ్ ఎంత పెంచాలన్నది చాలావరకూ మదర్‌బోర్డ్ కంపెనీలు తమ బయోస్‌లలో రాసుకున్న లెక్క. వాళ్ళ భయం వాళ్ళది. ఎవరి ప్రాసెసర్లో కంట్రోలర్ బలహీనంగా ఉందో తెలీదు, ఎవరు ఏ ర్యామ్ పెడతారో తెలీదు. ర్యామ్ 6000 దగ్గర నిలబడకపోతే జనం తిట్టేది మదర్‌బోర్డ్‌నే. కాబట్టి అందరికీ కలిపి కొంచెం ఎక్కువే వడ్డించారు. కొన్ని బోర్డులు 1.35 దాటి 1.4 దాకా పంపాయి. వర్గం సూత్రం గుర్తుందిగా: 1.05 నుంచి 1.4కి వెళితే వేడి దాదాపు 78 శాతం ఎక్కువ, వేగం పెంపు వల్ల వచ్చేది కాక. మామూలు రైజెన్ 7000లు దీన్ని చాలావరకు తట్టుకున్నాయి. ఎక్స్3డీ మోడళ్ళ సంగతి వేరు. ర్యామ్ దాకా వెళ్ళే అవసరం తగ్గించడానికి అందులో 64 మెగాబైట్ల అదనపు క్యాష్ మెమరీని ప్రాసెసర్ కోర్ల చిప్పు మీద ఇంకో పొరగా అతికించారు. మెమరీ గోడకి ఇదొక అందమైన జవాబు. అలాంటి రెండంతస్తుల చిప్పు వోల్టేజ్ విషయంలో సున్నితం, కోర్ల మల్టిప్లయర్‌కి తాళం వేసిందీ అందుకే. ముందు తలుపుకి తాళం వేశారు, ర్యామ్ వైపు కిటికీ తెరిచే ఉంది.

ఫొటోలు బయటికొచ్చిన వారంలోపే ఏఎమ్‌డీ ప్రకటన చేసింది. మూలకారణం దొరికిందని, మదర్‌బోర్డుల బయోస్‌లకి కొత్త కోడ్ పంపామని, ఇకపై ఎస్‌ఓసీ వోల్టేజ్ 1.3 దాటదని. అదే ప్రకటనలో ఇంకో ముక్క ఉంది, నా దృష్టిలో అదే ముఖ్యమైనది: ఈ హద్దు వల్ల ఎక్స్‌పోతో ర్యామ్ వేగం పెంచుకోవడానికి ఏ ఆటంకమూ ఉండదు అని. అంటే 1.3 లోపలే 6000 నడుస్తుంది. ఆ పైన ఇచ్చిన వోల్టులు చాలామందికి అసలు అవసరమే లేదు. ఎవరికో బలహీనమైన కంట్రోలర్ ఉంటుందేమోనని, ఏ రివ్యూలోనో తమ బోర్డు తడబడుతుందేమోనని ముందుజాగ్రత్తగా వేసిన వడ్డన అది. దాని ఖరీదు వేరేవాళ్ళ ప్రాసెసర్ కట్టింది.

తర్వాత వారంటీ గొడవ. ఏసుస్ కొత్త బయోస్‌ని బీటా అని విడుదల చేస్తూ, దీన్ని వేసుకుంటే వారంటీ పోతుందన్న అర్థం వచ్చే హెచ్చరిక దాని పక్కనే పెట్టింది. అంటే పాత బయోస్‌తో ఉంటే ప్రాసెసర్ మాడొచ్చు, కొత్తది వేస్తే వారంటీ పోవచ్చు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. హార్డ్‌వేర్ ఛానెళ్ళు, ముఖ్యంగా గేమర్స్ నెక్సస్, గట్టిగా నిలదీశాక మే నెలలో కంపెనీ దిగొచ్చి బీటా బయోస్‌కీ, ఎక్స్‌పో, ఎక్స్‌ఎమ్‌పీ వాడకానికీ వారంటీ వర్తిస్తుందని చెప్పింది. అప్పటికే సొంత డబ్బుతో మాడిన బోర్డులు కొని, ప్రయోగశాలకి పంపి పరీక్షలు చేయించింది ఆ ఛానెల్లే. ఎవరి పని ఎవరు చేశారన్నది వేరే చర్చ.

కానీ ప్రాసెసర్ సంగతి? ఏఎమ్‌డీ ప్రకటనల అడుగున చిన్నక్షరాలతో ఒక వాక్యం ఉంటుంది. దాని సారం ఇది: ప్రాసెసర్‌నిగానీ మెమరీనిగానీ ప్రచురించిన పరిమితులు దాటించి నడిపితే వారంటీ వర్తించదు, ఆ పని ఏఎమ్‌డీ హార్డ్‌వేర్ ద్వారా, సాఫ్ట్‌వేర్ ద్వారా చేసినా సరే. ఎక్స్‌పో పేరులోనే ఓవర్‌క్లాకింగ్ అన్న మాట ఉంది, ఆ 'ఓ' అదే. 6000 బాగుంటుందని పైన పెద్దక్షరాల్లో చెప్పి, అలా నడిపితే పూచీ మాది కాదని కింద చిన్నక్షరాల్లో చెప్పడం చట్టం దృష్టిలో ఎలాంటిదో లాయర్లు చూసుకుంటారు. ఇంటెల్ చిన్నక్షరాలూ ఇంచుమించు ఇవే. ఆచరణలో ఈ నిబంధనని కంపెనీలు పెద్దగా పట్టించుకోవు, మార్పిడి చేసేస్తాయి, కానీ అది వాళ్ళ దయ. మన దగ్గర మాడిన చిప్పు పట్టుకుని కౌంటర్ ముందు నిలబడ్డవాడికి హక్కుకీ దయకీ మధ్య తేడా ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

మెషీన్ కొత్తదో పాతదో, ఏఎమ్‌డీదో ఇంటెల్‌దో, ఎవరైనా నన్నడిగితే ఎక్స్‌పో ఆపమని చెప్పను. ముందు మదర్‌బోర్డ్ కంపెనీ సైట్లోంచి కొత్త బయోస్ వేసుకోమంటాను. ఆ తర్వాత ప్రొఫైల్ ఆన్ చేసి, బయటికి వచ్చేసే ముందు ఒక్క నిమిషం ఆగి వోల్టేజ్ పేజీలోకి వెళ్ళమంటాను. అక్కడ ర్యామ్ వోల్టేజ్ 1.35 అనో 1.4 అనో ఉంటుంది. దాని గురించి కంగారు లేదు, డీడీఆర్5లో ఆ వోల్టేజ్‌ని స్టిక్ మీదే ఉన్న చిప్పు తయారుచేసుకుంటుంది. ఏఎమ్‌డీ బోర్డయితే దాని దగ్గర్లోనే ఎస్‌ఓసీ అని ఇంకో గడి ఉంటుంది. మీరు ముట్టుకోని గడి. అందులో ఆటో అని రాసి, పక్కన బూడిద రంగులో ఒక అంకె కనపడుతుంది. ఆ అంకె 1.3కి లోపల ఉందో లేదో చూసుకోండి. చాలా మెషీన్లలో 1.2 దగ్గర పెట్టినా 6000 నడుస్తుంది. నడవకపోతే 5600కి దిగండి. ఆటలో సెకనుకి నాలుగు ఫ్రేములు తగ్గుతాయేమో.